మూసిన నాలుగు రంధ్రాలు
(పదకొండో భాగం)

కిందటి వారం మీరు పత్రిక మడిచి పక్కన పెట్టేసరికి, నేను ఉప్పల్‌లో నా షాపు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాను. ఒళ్లో ఒక పాత ఇత్తడి డ్రమ్ము, చేతిలో థిన్నర్‌లో ముంచిన దూది, ఎదురుగా గీతిక. డ్రమ్ము లోపల ఎవరో పూసిన వెండిరంగు ఊడివస్తుంటే దాని కింద నాలుగు గుండ్రటి మచ్చలు బయటపడ్డాయి. నాలుగూ ఒకప్పుడు రంధ్రాలే. ఇత్తడి ముక్కలు దిగ్గొట్టి, ఆకురాయితో అరగదీసి మూసేశారు.

ఈ వారమే పత్రిక కొన్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను, మిగతావాళ్లు కాస్త ఓపిక పట్టండి. నా పేరు సూర్యకళ. పాత డ్రమ్ములు బాగుచేస్తాను, ఏది అసలో ఏది నకిలీనో చెప్తాను. తొంభై ఆరులో నాచారంలోని ఒక రికార్డింగ్ స్టూడియో నుంచి అడుగున తీగలుండే ఈ స్నేర్ డ్రమ్ము మాయమైంది. విదేశాల నుంచి తెప్పించిన సరుకు, అలాంటిది అప్పట్లో ఊళ్లో ఇంకొకటి లేదు. డ్రమ్ము స్టూడియో వాళ్లది, వాయించేది అచ్యుతరావు మాస్టారు. ఆయన రాని రోజుల్లో ఆ పీట మీద కామరాజు కూర్చునేవాడు. నేరం కామరాజు మీద పడింది. రుజువు కాలేదు, కేసూ నిలవలేదు. కానీ ఆ తర్వాత ఏ ఆర్కెస్ట్రా వాళ్లూ ఆయన్ని పిలవలేదు. డ్రమ్ము దొంగ అన్న పేరు మోస్తూనే బతికి, నాలుగేళ్ల కిందట పోయాడు. మూడు వారాల కిందట చిల్కానగర్‌లో ఆయన ఇంటి అటక మీద, పాత పరుపుల వెనక, కూతురు గీతికకు ఈ డ్రమ్ము దొరికింది. తల్లి ఛాయాదేవి "ఎక్కడిదక్కడ పెట్టెయ్" అంది. గీతిక పెట్టలేదు, తీసుకొచ్చి నా ముందు పెట్టింది.

ఆ పిల్ల ఆశ ఒక్కటే. ఇది ఆ డ్రమ్ము కాదని నేను చెప్పాలి. చెప్పడానికి కావలసినన్ని ఆధారాలు ఉన్నాయి కూడా. ముందున్న పేరు బిళ్ల వేరు. అడుగున తీగల్ని బిగించి వదిలే లీవర్ వేరు. అది ఉన్న చోటు వేరు. స్క్రూలు విదేశీ ఇంచుల కొలతవి కావు, మన ఆరు మిల్లీమీటర్లవి. స్టూడియో ఫొటోలో ఉన్న డ్రమ్ముకూ దీనికీ పైకి ఎక్కడా పోలిక లేదు. కానీ నేను ఆ నాలుగు మచ్చల మధ్య దూరం కొలిచాను. ఒకవైపు రెండు, ఎదురువైపు రెండు. కంపెనీ పాత లీవర్‌కూ, తీగల రెండో కొసను పట్టుకునే ముక్కకూ ఉండే స్క్రూల కొలత సరిగ్గా అంతే. అనుమానం లేదు, ఇది ఆ డ్రమ్మే. ఎవరో హార్డ్‌వేర్ మొత్తం మార్చి దానికి మారువేషం వేశారు.

"అయితే మా నాన్నే మార్పించాడా అక్కా?" అంది గీతిక.

నా నోటికి అదుపు లేదని మా అమ్మ ఊరికే అనదు. "మార్పించినోడే దొంగ. గదొక్కటి పక్కా," అన్నాను. ఆ పిల్ల మొహం చూశాక నాలుక కరుచుకున్నాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

రేపు ఆదివారం ఏఎస్ రావు నగర్‌లోని ఫంక్షన్ హాల్లో వాద్యకారుల సంఘం వాళ్లు మాస్టారికి సన్మానం చేస్తున్నారు. డ్రమ్ము దొరికిన కబురు ఆయన చెవినా పడింది. దాన్ని వేదిక మీద పెట్టి, ఇది ఎవరింట్లో దొరికిందో నలుగురికీ చెప్తానని ఆయన పట్టుబట్టారు. దానికి నా సంతకం కావాలి. "ఇది ఆ డ్రమ్మే అని ఒక్క ముక్క రాసివ్వు సూర్యా, చాలు" అని వారం నుంచి రోజూ ఫోను. ఆయన నా గురువు. ఆడపిల్లకు డ్రమ్ములేమిటని మల్కాజిగిరి రైల్వే క్వార్టర్లలో అందరూ నవ్వినప్పుడు, నన్ను కూర్చోబెట్టి నేర్పింది ఆయన ఒక్కడే. రాసిస్తే కామరాజు దొంగగానే మిగిలిపోతాడు. రాయకపోతే నేను అబద్ధం ఆడినట్టు. రాత్రంతా అటు దొర్లి ఇటు దొర్లి, తెల్లారి షాపు తెరిచి మళ్లీ ఆ డ్రమ్మునే ముందేసుకున్నాను.

అప్పుడు కనబడ్డాయి చుక్కలు. మచ్చల మీదే కళ్లు పెట్టి కూర్చోవడంతో వాటిని ముందు పట్టించుకోలేదు. స్క్రూలు పట్టుకునే బుడిపెలు చుట్టూ పది ఉన్నాయి. ఒక్కో బుడిపె కింద, లోపలివైపు, పంచ్‌తో కొట్టిన సన్నటి చుక్కలు. ఒకచోట ఒకటి, దాని పక్కన రెండు, ఆ పక్కన మూడు, అలా పదిదాకా. ఏ ముక్క విప్పితే మళ్లీ అదే చోటికి చేరాలని పెట్టుకునే గుర్తులు. అంత పొందికగా చుక్కలు కొట్టే మనిషి నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. వెంటనే గీతికకు ఫోన్ చేశాను. ఏఎస్ రావు నగర్‌లో ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్ ఆమె. సెలవు చెప్పి అరగంటలో వచ్చేసింది.

నా స్కూటీ వెనక కూర్చుని, దుప్పట్లో చుట్టిన డ్రమ్మును ఒళ్లో పెట్టుకుంది. హబ్సిగూడ దాటాం. నాచారం మలుపు దగ్గర లారీల వెనక ఆగినప్పుడు, "ఆయన మా నాన్న పేరు చెప్తే నన్ను ఇంటికి తీసుకెళ్లకక్కా, ఎక్కడైనా కాసేపు తిప్పు," అంది. నేను హారన్ కొట్టాను.

బసవరాజు కాక షెడ్డు పారిశ్రామికవాడలో వెనక రోడ్డు చివర ఉంది. ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషను, ఆయన. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ ప్లాంటులో అప్రెంటిస్‌గా చేరి, ఫిట్టర్‌గా పాతికేళ్లు చేసి బయటికొచ్చిన మనిషి. డెబ్బై నాలుగేళ్లు వచ్చినా చెయ్యి వణకదు. నా షాపులో విరిగిన స్క్రూలకూ, అరిగిన థ్రెడ్డులకూ ఆయనే వైద్యుడు.

"ఏంది బిడ్డా, గీ ఎండల పడి వచ్చినవ్? ఫోన్ జేస్తే నేనే వస్తుంటి గద," అన్నాడు టీ గ్లాసు పక్కన పెడుతూ.

"నీతోని పనుండే వచ్చిన కాకా. జర ఇది సూడు."

బల్ల మీద దుప్పటి విప్పాను. కాక ఒక్కసారి చూశాడు. మళ్లీ తనే దుప్పటి కప్పేశాడు.

"ఇది నా పని గాదు."

"నేనింక ఏం అడగనే లేదు గద కాకా!"

"అడగకున్నా చెప్తున్న. నాది గాదు. తీస్కపో."

"లోపట చుక్కలున్నయి. ఒకటి నుంచి పది దాక."

"చుక్కలు ఎవడన్న కొడ్తడు. ప్లాంటుల అప్రెంటిస్ జేసినోడు ప్రతి ఒక్కడు కొడ్తడు. గాడ నేర్పేదే గది."

ఆ మాటా నిజమే. పాతికేళ్లలో ఆ ప్లాంటు కొన్ని వందల మంది ఫిట్టర్లను తయారుచేసి బయటికి వదిలింది. గీతిక చేతులు జోడించింది, బాబాయ్ గారూ అని బతిమాలింది. కాక ఆమెకేసి చూడకుండా లేత్ మీది ఇనప రజను బ్రష్షుతో ఊడ్చడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది. ఒళ్లు మండినప్పుడే నాకు బుర్ర పనిచేస్తుంది.

"సరే తియ్యి గీతికా, పోదాం," అన్నాను. "నాకు గూడ కాక పని అనిపిస్తలేదు. కాక పనైతే గింత వంకరుంటదా?"

బ్రష్షు ఆగింది. "ఏంది వంకర?"

"గీ లీవర్ హోళ్లు కాకా. ఎవడో చేతగానోడు కొట్టిండు. అర మిల్లీమీటరు పక్కకు పోయినయి."

"నీ కండ్లు పోయినయి!" కాక రెండంగల్లో బల్ల దగ్గరికి వచ్చాడు. దుప్పటి లాగి పారేశాడు. జేబులోంచి కళ్లద్దాలు, సొరుగులోంచి వెర్నియర్ తీశాడు. ఇటు నుంచి కొలిచాడు, అటు నుంచి కొలిచాడు, వెర్నియర్ తెచ్చి నా ముక్కు ముందు పెట్టాడు. "సూడు! ఎక్కడుంది వంకర? వెంట్రుకంత తేడ లేదు! ఇరవై తొమ్మిదేండ్ల కింద చేతి డ్రిల్లుతోని కొట్టిన హోలు ఇది. ఇయ్యాల కంప్యూటర్ మిషన్ల కొట్టమను, సూస్త!"

కాక వెర్నియర్ పట్టుకుని అలాగే నిలబడి, తను ఏం మాట్లాడాడో అప్పుడు విన్నాడు.

"ముసలోడితోని మస్తు ఆటలాడినవ్ బిడ్డా," అన్నాడు చివరికి. కోపంగా కాదు, అలిసిపోయినట్టు అన్నాడు. వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. "ఎవ్వరికి చెప్పనని మాట ఇచ్చిన."

"ఎవరికిచ్చారు? మా నాన్నకా?" గీతిక బల్ల దగ్గరికి జరిగింది. "ఈ డ్రమ్మును మా నాన్న దొంగిలించాడన్నారు బాబాయ్ గారూ. పోలీసులు ఇంటికొచ్చారు. ఉన్న పని పోయింది. మా నాన్న డ్రమ్మరు. కానీ నేను పెరుగుతున్నన్నాళ్లూ ఇంట్లో అన్నం బల్ల మీద వేళ్లతో తాళం వేయడం కూడా నేను చూడలేదు. ఒక్కసారి కూడా."

కాక తలెత్తాడు. "దొంగతనమా? దొంగతనమని నాకెవ్వరు చెప్పలేదమ్మా. వేరే ఆర్కెస్ట్రావోళ్లు కాపీ గొడ్తున్నరు, డ్రమ్ము గుర్తువట్టరాకుండ జెయ్యాలె అన్నరు. నేను జేసిన. గంతే." కాసేపు గడ్డం రుద్దుకున్నాడు. "మీ నాయన ఎడమచేతోడా?"

"కాదు. అన్నీ కుడిచేత్తోనే. ఎందుకు?"

"అయితే మీ నాయన గాదు."

అంత పెద్ద మాట అంత చిన్నగా అనేసి ఆయన లేచాడు. మూల నుంచి ఒక ఇనప స్టాండు లాక్కొచ్చి దాని మీద డ్రమ్ము పెట్టాడు. స్టూలు దాని ముందుకు జరిపాడు. "కూసో బిడ్డా. పేరు బిళ్ల జనాల దిక్కు ఉండాలె, ఒకటో చుక్క నీ పొట్ట దిక్కు. నేను చుక్కలు గట్లనే మొదలువెడ్త, వాయించేటోని పొట్ట కాడికెల్లి. ఆఁ, గట్ల. ఇగ మీ నాయన ఎట్ల వాయిస్తుండెనో చెయ్యి పెట్టు."

గీతికకు వాయించడం రాదు. కానీ తండ్రి పాత ఫొటోలు చూసి ఉంటుంది. కుడిచేయి పైకెత్తి, అక్కడ లేని సింబల్ పళ్లెం మీద ఉన్నట్టు గాలిలో ఆపింది. ఎడమచేయి డ్రమ్ము మీద పెట్టింది.

"ఇప్పుడు పాట నడుమల తీగెలు వదలాలె. కుడిచెయ్యి ఖాళీ లేదు, సింబల్ మీద ఆడుతనే ఉంటది. ఇగ లీవర్ ఏ చేత్తోని లాగుతవ్?"

ఆమె ఎడమచేయి దించింది. వేళ్లు డ్రమ్ము ఎడమ పక్కన తడిమాయి. అక్కడ లీవర్ లేదు. తీగల రెండో కొస పట్టే ముక్క మాత్రమే ఉంది. లీవర్ కుడి పక్కన ఉంది, ఆమెకు అందని చోట.

"కంపెనీవోడు లీవర్ ఎడమదిక్కే పెట్టిండు, లోకం మొత్తం కుడిచేతోళ్లదే గనుక. నేను గదాన్ని మూసేసి కుడిదిక్కుకు మార్చిన. ఎందుకు మార్చిన? వాయించేటోని చెయ్యి గాడ పడ్డది గనుక. అంగి కుట్టేటోడు ఒంటి కొలత తీస్కోకుంట కుడతడా? మనిషి కూసోని వాయించి సూపియ్యకుంట నేను లీవర్ హోలు కొట్ట. ఎన్నడు కొట్టలే. ఆ దినం గీ స్టూలు మీద మనిషిని కూసోబెట్టి అర్ధగంట వాయింపిచ్చిన. చెమటలు కారినయి ఆయనకు. చెయ్యి ఎక్కడ పడ్తుందో సూసి చాక్‌పీసుతోని గీత గీసిన. ఎడమచేతి డ్రమ్మరు నా షెడ్డుకు వచ్చింది జిందగీల ఒక్కడే."

నాకు ఆయన పేరు చెప్పక్కర్లేదు. మాస్టారి ఎదురుగా కూర్చుని నేర్చుకున్నదాన్ని నేను. ఆయన ఎడమచేయి ఎత్తితే నాకు అద్దంలో చూసుకున్నట్టు ఉండేది, నేను కుడిచేయి ఎత్తేదాన్ని. అందుకే తొందరగా వచ్చింది విద్య. "కుడిచేతివాటం గురువు దగ్గరికి పోయి ఉంటే ఇంకో ఏడాది పట్టేదే నీకు" అని ఆయనే నవ్వుతూ అనేవాడు. స్టూడియోలో ఉన్నప్పుడు లీవర్ చేతికి అందడం కోసం డ్రమ్మును వెనక్కి తిప్పి, కంపెనీ పేరు పొట్టకేసి పెట్టుకుని వాయించాల్సి వస్తోందని విసుక్కునేవాడట. డ్రమ్ముకు మారువేషం వేయిస్తూ కూడా, ఎలాగూ విప్పుతున్నాం కదా అని తన చేతి సుఖం చూసుకున్నాడు. మళ్లీ తనే వాయించుకుందామనుకుని ఉంటాడు. లోపల చుక్కలున్నాయని ఆయనకు తెలియదు. వాయించేవాళ్లు డ్రమ్ము లోపలికి ఎప్పుడూ చూడరు.

మార్పించినోడే దొంగ. నేనన్న మాటే. పద్నాలుగేళ్ల నా చేతికి మొదటిసారి డ్రమ్ము పుల్లలు ఇచ్చిన మనిషి మీదికి తిరిగి వచ్చింది. నాకు ఏడుపూ, కోపమూ ఒకేసారి వచ్చాయి. ఆ రెండూ కలిసి వచ్చినప్పుడు ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు.

"అచ్యుతరావు మాస్టారేనా కాకా?" అన్నాను, ఒకరి నోటి నుంచి విందామని.

"ఆయనే. అచ్యుతరావు సారే."

గీతిక స్టూలు మీద నుంచి లేవలేదు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "మా నాన్న కాదు," అంది. మళ్లీ, "మా నాన్న కాదక్కా," అంది. మూడోసారి అనేటప్పుడు గొంతు గట్టిపడింది. "రేపు హాల్లో ఈ మాట నువ్వే చెప్పాలక్కా. ఆయన పక్కన నిలబడి చెప్పాలి. చెప్తావా?"

"చెప్త," అన్నాను.

అప్పుడే ఫోన్ మోగింది. మాస్టారు. ఎత్తకుండా ఉండాల్సింది. కానీ ఇరవై ఏళ్ల అలవాటు, ఆయన ఫోను రెండో రింగుకు ఎత్తడం. గీతిక చెయ్యి చాపి స్పీకర్ నొక్కింది.

"ఏమ్మా సూర్యా, తేల్చావా? అదేనా?"

"అదే మాస్టారూ."

"నేను చెప్పలా! ఇంకేం, కాగితం రాసి సాయంత్రం పట్రా. సంఘం వాళ్లు నా ప్రాణం తీస్తున్నారు."

"లీవర్ ఎడమచేతివాటానికి పెట్టి ఉంది మాస్టారూ," అన్నాను. "నేను నాచారంలో బసవరాజు కాక షెడ్డుల ఉన్న."

అవతల టీవీలో ఎవరో వార్తలు చదువుతున్నారు. తర్వాత టీవీ ఆగింది.

"వాడింకా ఉన్నాడా?" అన్నాడు మాస్టారు.

ఆ ఒక్క మాటతో నా లోపల మిగిలిన కాస్త అనుమానం కూడా పోయింది. ఏదో తప్పు జరిగిందని, ఆయన కాదని, నేను ఇంకా ఎక్కడో ఆశపడుతూనే ఉన్నాను. ఇక ఆశపడటానికి ఏమీ లేదు.

"నీ పక్కన ఎవరున్నారు?"

"నేను గీతికను. కామరాజుగారి అమ్మాయిని," అంది ఆమె ఫోన్‌కు దగ్గరగా వంగి. "రేపు వేదిక మీద మీరే ఒప్పుకుంటారా, మమ్మల్ని చెప్పమంటారా?"

మాస్టారు గట్టిగా ఊపిరి తీయడం వినబడింది. మళ్లీ మాట్లాడినప్పుడు ఆయన గొంతులో పెద్దరికం లేదు.

"అమ్మాయ్, డ్రమ్ము తీసిందీ నేనే, మార్పించిందీ నేనే. ఇప్పుడు కాదనను. ఇన్నేళ్లూ నోరు మూసుకుని ఉన్నాను, అదీ నా పాపమే. కానీ ఒకటి మాత్రం విను. ఆ రోజు స్టేషన్‌లో మీ నాన్న పేరు నా నోటి వెంట రాలేదు. ఎస్సై అడుగుతుంటే నేను తలొంచుకుని కూర్చున్నాను. పేరు చెప్పింది మీ అమ్మ."

"అబద్ధం!"

"ఛాయాదేవినే అడుగు." ఫోన్ ఆగిపోయింది.

గీతిక నా చేతిలోంచి ఫోన్ లాక్కుని మళ్లీ కలిపింది. ఎత్తలేదు. ఇంకోసారి కలిపింది. స్విచ్ ఆఫ్ అని వచ్చింది. "చూశారా, తన మీదికి వచ్చేసరికి మా అమ్మను లాగుతున్నాడు. ఆవిడకేం సంబంధం? అమ్మ అసలు ఆ స్టూడియో గుమ్మం కూడా తొక్కలేదు," అంది. నాకేసి, కాకకేసి మార్చి మార్చి చూసింది. నేను అవునన్నాను. కాక మళ్లీ బ్రష్షు తీసి లేత్ ఊడ్చడం మొదలుపెట్టాడు.

అది నాకు నచ్చలేదు. అప్పటిదాకా నేను అడగాల్సిన ఒక ప్రశ్న అడగనే లేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇక్కడ మారిన డ్రమ్ము చిల్కానగర్ అటక మీదికి ఎలా చేరింది?

"కాకా, పని అయినంక డ్రమ్ము తీస్కపోనీకి ఎవరొచ్చిన్రు? మాస్టారేనా?"

బసవరాజు కాక కళ్లద్దాలు తీసి అంగీ కొసతో తుడిచాడు. తుడిచినవాటినే మళ్లీ తుడిచాడు.

"సారు రాలే. ఒక ఆడామె వచ్చింది," అన్నాడు. "ఆటో గేటు కాడ ఆపుకోని వచ్చింది. నేను ఎవ్వరికి చెప్పనని మాట ఇచ్చింది గామెకే. చంకల ఏడాది పిల్ల ఉండె. లేతు సప్పుడుకు ఆ పిల్ల ఒకటే ఏడ్సుడు. గీ డ్రమ్ము మీదనే నాలుగు దెబ్బలు గొట్టి ఊకోబెట్టిన."

గీతిక డ్రమ్ము మీద నుంచి చెయ్యి తీసేసింది. ఆమె పుట్టింది తొంభై అయిదులో.